ఎండాకాలం వాటర్ బిల్లు తగ్గాలంటే ముందు గరాజ్‌లో కంట్రోలర్ తెరవండి

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా, మెకిన్నీ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు జూలై, ఆగస్టు నెలల్లో ఒకే మాట అడుగుతుంటారు: "ఇంట్లో ఉన్నది నలుగురం, వాటర్ బిల్లు ఇంత ఎలా వచ్చింది?" స్నానాలు, గిన్నెలు, బట్టలు చలికాలంలోనూ ఉన్నాయి. కొత్తగా చేరింది లాన్ ఒక్కటే. తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా స్ప్రింక్లర్లు నడిచి ఆగిపోతాయి కాబట్టి ఆ నీళ్లు ఎవరి కంటా పడవు. వాటిని ఏ వేళకు, ఎన్ని నిమిషాలు నడపాలో చెప్పేది గరాజ్ గోడకున్న టైమర్ డబ్బా, అదే కంట్రోలర్.

నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. అక్కడ ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ వానతోనే వేరుశనగ, బోరులో నీళ్లుంటే డ్రిప్ మీద బత్తాయి. డాలస్‌లో ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైనే పడుతుంది. ఇంత వాన ఉన్న చోట, తినని గడ్డి కోసం తాగే నీళ్లు రోడ్డు పక్క కాలువలో పోతుంటే నాకు ప్రాణం ఒప్పదు. బిల్లు సంగతి తర్వాత. ఈ ఊళ్ల నీళ్లు చాలావరకు నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నుంచి వస్తాయి. జనం పెరిగి లవాన్ లేక్ లాంటివి చాలక ఆ సంస్థ ఫానిన్ కౌంటీలో 16,000 ఎకరాల పైచిలుకు నేలను ముంచి బోడార్క్ లేక్ కట్టింది. 2023 నుంచి ఆ నీళ్లు కూడా మన కుళాయిల్లోకి వస్తున్నాయి. ఇలాంటి ప్రాజెక్టుల ఖర్చు చివరికి చేరేది మన నీళ్ల రేట్లలోకే.

ఇక పని మొదలుపెడదాం. మొదట బిల్లు చదవండి. సిటీ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్ తెరిస్తే నెలవారీ వాడకం ఉంటుంది. డిసెంబర్, జనవరి అంకె రాసుకోండి. అది ఇంటి లోపలి వాడకం. జూలై అంకెలోంచి దాన్ని తీసేస్తే మిగిలినదంతా బయటికి పోయినట్టే. స్విమ్మింగ్ పూల్ ఉంటే అందులో కొంత దానిది. ఉదాహరణకు చలికాలంలో 6,000 గ్యాలన్లు, జూలైలో 28,000 అనుకుందాం. లాన్ పేరు మీద పోయింది 22,000.

గడ్డికి నిజంగా ఎంత కావాలో లెక్క కట్టడం సులువు. 1,000 చదరపు అడుగుల నేల మీద ఒక అంగుళం నీళ్లు పడాలంటే 623 గ్యాలన్లు. ముందూ వెనకా కలిపి 4,000 చదరపు అడుగుల గడ్డి ఉంటే వారానికి అంగుళం చొప్పున సుమారు 2,500 గ్యాలన్లు, నెలకు 11,000 లోపు. అదీ ఒక్క చుక్క వాన పడని నెలలో. పోయింది 22,000 అయితే సగం నీళ్లు గడ్డికి అందనే లేదు, లేదా గడ్డికి అక్కర్లేదు. పైగా మన ఊళ్లలో రేట్లు స్లాబుల లెక్కన ఉంటాయి. వాడకం పెరిగేకొద్దీ గ్యాలన్ ధర పెరుగుతుంది. వృథా అయ్యే ఆ సగం అన్నిటికంటే ఖరీదైన స్లాబులో ఉంటుంది కాబట్టి, లాన్ నీళ్లు సగం తగ్గిస్తే వాటికి కట్టే డబ్బు సగం కంటే ఎక్కువే తగ్గుతుంది.

కంట్రోలర్‌లో ఏం చూడాలి

కొత్తగా సాడ్ (వేళ్లతో సహా తెచ్చి పరిచే గడ్డి చాపలు) పరిచాక వేళ్లు పట్టుకునేదాకా మూడు నాలుగు వారాలు రోజూ తడపాలి, ఎండ ఎక్కువైతే రోజుకు రెండు మూడు సార్లు. బిల్డర్ తరఫున వచ్చినవాళ్లు కంట్రోలర్‌ని అలాగే పెట్టి వెళ్లిపోతారు. తర్వాత దాన్ని మార్చాలని ఇల్లు కొన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. రెండేళ్ల తర్వాత కూడా కొత్త సాడ్ షెడ్యూలే నడుస్తున్న ఇళ్లు మా వీధిలోనే చూశాను. మీ ఇల్లు కొత్తదైతే ముందు అనుమానించాల్సింది ఇదే.

తర్వాత స్టార్ట్ టైమ్. లాన్‌ని ఒక్కో వాల్వ్‌తో నీళ్లు అందే భాగాలుగా విడగొడతారు, వాటినే జోన్లు అంటారు. ఆరు జోన్లుంటే ఆరు స్టార్ట్ టైమ్‌లు పెట్టాలని చాలామంది అనుకుంటారు. మామూలు కంట్రోలర్లలో స్టార్ట్ టైమ్ జోన్‌కి ఉండదు, ప్రోగ్రామ్ మొత్తానికి, అంటే ఎ, బి, సి అని పేర్లుండే ఒక్కో షెడ్యూల్‌కి, ఉంటుంది. తెల్లవారుజామున 4 గంటలు అని ఒక్కటి పెడితే జోన్ 1తో మొదలై ఆరూ వరసగా నడుస్తాయి. 4, 5, 6 అని మూడు పెడితే ఆరు జోన్లూ మూడేసి సార్లు నడుస్తాయి. నీళ్లు మూడింతలవుతాయి. ఇది తెరిచి చూస్తే తప్ప బయటపడదు.

డయల్‌ని ప్రోగ్రామ్ ఎ మీద మాత్రమే చూసి వదిలేయకండి. బి, సి లోకి కూడా వెళ్లండి. పాత ఓనర్ పెట్టిన షెడ్యూల్ బి లో అలాగే ఉండిపోతే మీరు ఎ లో ఎంత తగ్గించినా బిల్లు కదలదు. అన్ని జోన్ల నిమిషాలనూ ఒకేసారి పెంచే, తగ్గించే సీజనల్ అడ్జస్ట్ అనే చోట 100 శాతం ఉందో, ఎవరైనా 150కి పెంచి మరిచిపోయారో చూడండి. కొన్ని పాత కంట్రోలర్లలో బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు పోయి వచ్చాక మీ షెడ్యూల్ చెరిగిపోయి ఫ్యాక్టరీ షెడ్యూల్ వచ్చేస్తుంది. అది చాలావాటిలో రోజూ, ప్రతి జోన్, 10 నిమిషాలు. ఉరుముల వాన వచ్చి కరెంటు పోయిన మర్నాడు ఒకసారి తెరిచి చూడటం మంచిది.

వాన పడితే స్ప్రింక్లర్ ఆపే సెన్సర్, 2009 నుంచి టెక్సస్‌లో పెట్టే ప్రతి కొత్త ఆటోమేటిక్ సిస్టమ్‌కీ ఉండాలని రాష్ట్ర నిబంధన. సాధారణంగా చూరు అంచున చిన్న డబ్బీలా కనిపిస్తుంది. కంట్రోలర్ మీద సెన్సర్ స్విచ్ బైపాస్‌లో (సెన్సర్‌ని పట్టించుకోని స్థితిలో) ఉందేమో ముందు చూడండి. ఆ తర్వాత సెన్సర్ పైనున్న పిన్‌ని కొద్దిసేపు నొక్కి పట్టుకోండి. కంట్రోలర్ తెర మీద సెన్సర్ పనిచేసిన గుర్తు రావాలి. రాకపోతే అది చచ్చినట్టే, మార్చేయండి. ఎండకు ఇవి కొన్నేళ్లకే పాడవుతాయి.

స్మార్ట్ కంట్రోలర్ కొంటే సరిపోదా అని అడుగుతారు. కొనండి, మంచిదే. కానీ నేల రకం, నాజిల్ (నీళ్లు చిమ్మే మొన) రకం, నీడ, వాలు జోన్ వారీగా మనం సరిగ్గా నింపితేనే అది సరైన లెక్క వేస్తుంది. ఆ వివరాలు తెలుసుకోవాలంటే కింద చెప్పే పరీక్షలు ఎలాగూ చేయాలి. అవి చేశాక పాత కంట్రోలర్‌తోనే చాలా పని జరిగిపోతుంది. నన్నడిగితే వరస అది: ముందు పరీక్షలు, తర్వాత కొనుగోలు.

మీటర్, తర్వాత జోన్లు

ఇంటి ముందు నేలలో మీటర్ బాక్స్ ఉంటుంది. మూత తీసేముందు కర్రతో తట్టండి, సాలీళ్లు ఉంటాయి, అప్పుడప్పుడు పాములు కూడా. ఇంట్లో కుళాయిలు, డిష్‌వాషర్, ఐస్ మేకర్ అన్నీ ఆపి మీటర్ మీద చిన్న త్రికోణం కదులుతోందేమో చూడండి. డిజిటల్ మీటరైతే ఫ్లో అంకె సున్నా ఉండాలి. కదులుతుంటే, పక్కనే ఉండే పచ్చ బాక్సులో స్ప్రింక్లర్ లైన్ వాల్వ్ మూసి మళ్లీ చూడండి. ఆగిపోయిందా, లీకు స్ప్రింక్లర్ లైన్లో. ఆగలేదా, ఇంట్లో వెతకండి, ముందు టాయిలెట్ ట్యాంకుల అడుగున నీళ్లను ఆపే రబ్బరు మూతలు, ఫ్లాపర్లు.

ఇక ఒక సాయంత్రం, వెలుతురు ఉండగా, ఒక్కో జోన్‌ని రెండు నిమిషాలు నడిపి దాని వెంట నడవండి. విరిగిన హెడ్ (నేలలోంచి లేచి నీళ్లు చిమ్మే భాగం) అయితే నీళ్లు ఎత్తుగా చిమ్ముతాయి, అది కనిపెట్టడం తేలిక. కనిపించనివే ఎక్కువ నష్టం చేస్తాయి. గడ్డిలో కూరుకుపోయిన హెడ్, పక్కకు ఒరిగింది, లాన్‌మోవర్ తగిలి ముఖం డ్రైవ్‌వే వైపు తిరిగింది. కిందటేడు మా నాన్న వచ్చినప్పుడు పొద్దున నడకలో ఒక ఇంటి ముందు ఆగి, "ఏమ్మా, వీళ్లు రోడ్డుకు కూడా నీళ్లు కడతారా?" అన్నారు. ఆ ఇంటి ముందు ఒక్క హెడ్ తిరిగిపోయి ఉంది, అంతే. చేత్తో పట్టుకుని తిప్పితే సరిపోతుంది. నాజిల్ నడినెత్తిన ఉన్న స్క్రూని చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే నీళ్లు పడే దూరం తగ్గుతుంది.

నీళ్లు చినుకుల్లా పడకుండా పొగమంచులా లేస్తుంటే పైపులో ప్రెషర్ ఎక్కువని అర్థం. ఆ పొగ గాలికి పోతుంది, గడ్డి మీద పడదు. స్ప్రే హెడ్లకు 30 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) చాలు. ప్రెషర్‌ని లోపలే అదుపు చేసే హెడ్లు హోమ్ డిపోలో దొరుకుతాయి. పాతది మరతిప్పి తీసి కొత్తది బిగించుకోవచ్చు. స్ప్రింక్లర్ ఆగాక పల్లంలో ఉన్న హెడ్ నుంచి చాలాసేపు నీళ్లు కారుతుంటే పైపులో మిగిలిన నీళ్లు ప్రతిసారీ అక్కడ దిగిపోతున్నాయి. చెక్ వాల్వ్ ఉన్న హెడ్ వేస్తే ఆగుతుంది. ఎప్పుడు చూసినా కారుతుంటే మాత్రం ఆ జోన్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. వాల్వ్ పని మీకు చేతకాకపోతే లైసెన్స్ ఉన్న ఇరిగేటర్‌ని పిలవండి. టెక్సస్‌లో ఈ లైసెన్స్ ఇచ్చేది టీసీఈక్యూ అనే రాష్ట్ర సంస్థ. నంబర్ అడిగి తీసుకుని వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

పోపుల డబ్బా పరీక్ష

ఏ జోన్ గంటకు ఎన్ని అంగుళాల నీళ్లు పోస్తుందో తెలియకుండా నిమిషాలు పెట్టడం గుడ్డి లెక్క. పోపుల డబ్బాలోని చిన్న గిన్నెలు దీనికి చక్కగా సరిపోతాయి. అన్నీ ఒకే కొలత, గోడలు నిలువుగా ఉంటాయి. ఒక జోన్‌లో ఆరేడు చోట్ల పెట్టండి, కొన్ని హెడ్ దగ్గర, కొన్ని రెండు హెడ్ల మధ్య. గాలి లేని వేళ 10 నిమిషాలు నడిపి, పిల్లల స్కేలుతో ఒక్కో గిన్నెలో నీటి లోతు కొలిచి సగటు తీయండి. దాన్ని ఆరుతో గుణిస్తే గంటకు పడే నీళ్లు.

ఒకే చోట కుదురుగా చిమ్మే స్ప్రే హెడ్లు సాధారణంగా గంటకు అంగుళంన్నర దాకా పోస్తాయి. అంటే అర అంగుళానికి 20 నిమిషాలు. మెల్లగా తిరుగుతూ దూరం చిమ్మే రోటర్లు గంటకు అర అంగుళం దగ్గర ఉంటాయి. వాటికి అదే అర అంగుళానికి గంట పడుతుంది. రెండు రకాలకూ ఒకే నిమిషాలు పెట్టిన ఇళ్లలో ఒక వైపు బురద, ఇంకో వైపు ఎండు. ఎండిన వైపు చూసి మొత్తానికి నిమిషాలు పెంచుతారు, బురద ఇంకా ఎక్కువవుతుంది.

గిన్నెల మధ్య తేడా బాగా ఉంటే, ఒకదాంట్లో 8 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 2 అనుకోండి, నిమిషాలు ముట్టుకోకండి. ఆ మూలకు నీళ్లు అందించాల్సిన హెడ్‌నో నాజిల్‌నో బాగుచేయండి. ఒక మూల ఎండుతోందని జోన్ మొత్తానికి పది నిమిషాలు పెంచడం వల్ల పోయే నీళ్లు నేను చూసిన వృథాల్లో పెద్దవి.

నల్లరేగడి ఎలా తాగుతుందో అలాగే పోయాలి

ఇక్కడి నేలను బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. మన నల్లరేగడి జాతి నేలే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. మన రైతుకు దీని గుణం తెలుసు: తాగిన నీళ్లు చాలా రోజులు పట్టి ఉంచుతుంది, కానీ తాగడం మాత్రం మెల్లగా. స్ప్రే హెడ్ పోసే వేగంలో ఇది పది శాతం, ఇరవై శాతం కూడా తీసుకోలేదు. ఐదారు నిమిషాలకే పైన నిలిచి, వాలు దొరికితే కాలిబాట మీదికి జారిపోతుంది. 20 నిమిషాలు ఒకే బిగిన నడిపితే చివరి పన్నెండు నిమిషాల నీళ్లు ఎక్కువ భాగం కాలువకే.

అందుకని విడతలుగా పోయాలి. 20 నిమిషాలు కావాలంటే 7, 7, 6. విడతకూ విడతకూ మధ్య గంట ఎడం ఉంటే చాలు. మొదటి విడత పైపొరను మెత్తబరుస్తుంది, తర్వాతి నీళ్లు లోపలికి దిగుతాయి. కొత్త కంట్రోలర్లలో దీనికి సైకిల్ అండ్ సోక్ అనే సెట్టింగ్ ఉంటుంది. పాతవాటిలో, ఇందాక జాగ్రత్త చెప్పిన మూడు స్టార్ట్ టైమ్‌లనే ఇక్కడ వాడుకోవచ్చు, ఒక్కో జోన్ నిమిషాలను మూడో వంతుకు తగ్గించాకే. ఆరు జోన్లు ఏడేసి నిమిషాలంటే ఒక చుట్టుకు 42 నిమిషాలు. 3:00, 4:30, 6:00 అని పెడితే ఎక్కడా ఒకదాని మీద ఒకటి పడదు. మన ఊళ్లలో చాలాచోట్ల ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకు స్ప్రింక్లర్లు నడపకూడదు, వారానికి రెండు రోజులు మించకూడదు. మీ ఇంటి నంబరుకు ఏ రోజులో సిటీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

తడి పెట్టిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్‌ని నేలలోకి గుచ్చి చూడండి. ఆరు అంగుళాలు సులువుగా దిగితే వేళ్ల దాకా నీళ్లు చేరాయి. రెండు అంగుళాలకే ఆగిపోతే నీళ్లు పైపైనే ఉన్నాయి, విడతలు పెంచాలి.

ఎప్పుడు తడి, ఎప్పుడు వద్దు

మన లాన్లలో ఎక్కువగా ఉన్నది బెర్ముడా. అది మన గరికే, వినాయకుడికి పెట్టే గరిక. లాన్ల కోసం సంకరం చేసిన రకాలు కొంచెం సున్నితం, కానీ గుణం అదే. గరికను చేనులోంచి వదిలించుకోవడానికి మన రైతులు ఎంత కష్టపడతారో తెలిసినవాళ్లు, రెండు రోజులు నీళ్లు లేకపోతే లాన్ చచ్చిపోతుందని టెన్షన్ పడనక్కర్లేదు. కరువు వల్ల 2014 వేసవిలో ఈ ప్రాంతంలో రెండు వారాలకు ఒకసారే స్ప్రింక్లర్ నడపాలని ఆంక్ష పెట్టారు. బెర్ముడా దాన్నీ తట్టుకుని నిలిచింది. సెయింట్ అగస్టీన్ అనే గడ్డి అంత గట్టిది కాదు. చెట్ల నీడలో వేసిన వెడల్పాటి ఆకు గడ్డి మీకుంటే దాని జోన్‌ని విడిగా చూసుకోండి.

నేను పాటించేది ఇది. వాన లేని జూలై, ఆగస్టు వారాల్లో అర అంగుళం చొప్పున రెండు తడులు. మే, జూన్, సెప్టెంబర్‌లలో అవసరాన్ని బట్టి ఒకటి. వారంలో అంగుళం వాన పడితే ఏమీ లేదు. వారానికి రెండు రోజులు అనుమతి ఉందంటే రెండు రోజులూ పెట్టమని కాదు. గడ్డి బెట్టకు వచ్చిందో లేదో సాయంత్రం దాన్నే చూసి తెలుసుకోవచ్చు. రంగు కొంచెం నీలి బూడిదగా మారుతుంది, ఆకు మడుచుకుంటుంది, నడిస్తే అడుగుల గుర్తు అలాగే ఉండిపోతుంది. అప్పుడు మర్నాడు తడి పెట్టండి. మధ్యాహ్నం వాడినట్టు కనిపించి సాయంత్రానికి తేరుకుంటే ఇంకా ఆగవచ్చు. చూసే తీరిక లేనివాళ్లకు టెక్సస్ ఎ అండ్ ఎం అగ్రిలైఫ్ వాళ్ల "వాటర్ మై యార్డ్" ఉచిత సర్వీస్ ఉంది. మీ ప్రాంతపు వాతావరణ కేంద్రం లెక్కలను బట్టి ఈ వారం ఎంత నీళ్లు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఈమెయిల్ వస్తుంది.

లాన్‌లో తుంగ మొలిచిందంటే అక్కడ నీళ్లు ఎక్కువయ్యాయి. మందు కొట్టేముందు ఆ జోన్ నిమిషాలు తగ్గించండి. ఎండాకాలం గడ్డిని మరీ కురచగా కోయించకండి, కోసిన ముక్కలను అక్కడే వదిలేయమనండి. నేల మీద నీడ ఉంటే తేమ నిలుస్తుంది.

గడ్డి కానివి

ఇంటి ముందు పూలమొక్కల బెడ్‌లకు కూడా స్ప్రే హెడ్లే ఉంటే వాటిని డ్రిప్‌కి మార్చడం ఈ పనులన్నిట్లో నాకు ఎక్కువ తృప్తినిచ్చేది. మా ఊళ్లో బత్తాయి చెట్లు డ్రిప్ మీదే బతికాయి, రెండు పొదలకు నీళ్లు గాల్లోకి చిమ్మడం ఎందుకు? ఒక స్ప్రే హెడ్ స్థానంలో బిగించే డ్రిప్ కన్వర్షన్ కిట్లు దొరుకుతాయి. అదే జోన్‌లో మిగిలిన హెడ్లకు మూతలు బిగించేయాలి, డ్రిప్, స్ప్రే ఒకే జోన్‌లో కలిపి నడపకూడదు. పైన మూడు అంగుళాల మల్చ్ (తేమ నిలిపే చెక్కపొట్టు) వేయండి. లాంటానా, టెక్సస్ సేజ్, రెడ్ యుకా లాంటివి వేళ్లు పట్టుకున్నాక పెద్దగా నీళ్లు అడగవు. పెరట్లో గోంగూర, బెండ, బీర పెట్టుకునేవాళ్లు కూడా ఆ మడులకు డ్రిప్ విడిగా వేసుకోండి. కూరగాయలకు కావలసిన నీళ్ల కోసం లాన్ జోన్ నిమిషాలు పెంచవద్దు.

ఫౌండేషన్ విషయంలో మాత్రం పొదుపు చేయకండి. రేగడి ఎండి ఇంటి గోడ నుంచి విడిపోతే స్లాబ్ కింద ఆధారం తగ్గి గోడలు పగుళ్లిస్తాయి. ఇంటి చుట్టూ అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీళ్లు చెమర్చే గొట్టం) పరిచి, నేల బీట తీయకుండా ఉండేంత తేమ ఉంచండి. దీనికి పట్టే నీళ్లు లాన్‌తో పోలిస్తే చాలా తక్కువ.

గడ్డి తగ్గించి మొక్కలు పెడితే హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదని వెనకాడేవాళ్లున్నారు. నీళ్లు తక్కువ అడిగే మొక్కలు, గడ్డి, డ్రిప్, వాననీటి పీపాలు వద్దని హెచ్ఓఏ పూర్తిగా నిషేధించడానికి వీల్లేదని టెక్సస్ చట్టం 2013 నాటికే చెప్పింది. ఎలా కనిపించాలో షరతులు పెట్టవచ్చు, కాబట్టి ముందు ప్లాన్ గీసి, మొక్కల పేర్లు రాసి ఆమోదం తీసుకోండి. డ్రైవ్‌వేకీ కాలిబాటకీ మధ్య సన్నటి పట్టీలాంటి గడ్డి ముక్కతో మొదలుపెడితే మంచిది. అక్కడ నీళ్లు ఎలాగూ సగం కాంక్రీటు మీదే పడతాయి.

చలికాలం

మొదటి మంచు తర్వాత బెర్ముడా ఎండుగడ్డి రంగుకు వచ్చి మార్చి దాకా నిద్రపోతుంది. కంట్రోలర్ ఆఫ్ చేయండి. మన ఊళ్లలో చాలాచోట్ల ఏడాది పొడవునా కట్టే సూయర్ (మురుగునీటి) చార్జీని చలికాలపు నెలల నీళ్ల వాడకం సగటుతో నిర్ణయిస్తారు. ఆ నెలల్లో స్ప్రింక్లర్ నడిస్తే, మురుగు కాలువలోకి వెళ్లని ఆ నీళ్లకు కూడా మిగతా నెలలంతా సూయర్ డబ్బు కడుతూ ఉంటాం. మీ సిటీ ఏ నెలలు లెక్కలోకి తీసుకుంటుందో ఫోన్ చేసి కనుక్కోండి. వానలు బొత్తిగా లేకపోతే నెలకు ఒక తడి, అదీ ఫ్రీజ్ లేని రోజున, చాలు.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఈ ప్రాంతంలో ఎన్నో పైపులు, వాల్వులు పగిలాయి. గట్టి ఫ్రీజ్ వస్తుందంటే స్ప్రింక్లర్ లైన్ వాల్వ్ మూసి, నేల పైన కనిపించే బ్యాక్‌ఫ్లో పరికరం (స్ప్రింక్లర్ నీళ్లు తాగునీటిలోకి వెనక్కి రాకుండా ఆపేది) ఉంటే అందులో నీళ్లు తీసి గుడ్డ చుట్టండి. వసంతంలో గడ్డి సగానికి పైగా పచ్చబడ్డాకే మళ్లీ తెరవండి. తెరిచేటప్పుడు వాల్వ్‌ని మెల్లగా, కొంచెం కొంచెంగా తిప్పండి. ఆ రోజే ప్రతి జోన్ వెంట ఒకసారి నడిచి, మీటర్ త్రికోణం చూసి, ఆ తర్వాతే కంట్రోలర్‌ని ఆటోలో పెట్టండి.